ముప్పై నాలుగు లాగిన్లు

నాగపూర్ హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వస్తే చంద్రపూర్ ఏరియా ఆఫీసులో ముందుగా దాన్ని ఎవరూ చదవరు. ఎవరి మీదికి తోసేయాలా అని చూస్తారు. 1999 ఫిబ్రవరి చివర్లో వచ్చిన ఉత్తరానికీ ఆ మర్యాదే జరిగింది. పదకొండు బల్లలు తిరిగి, పదకొండు సంతకాలూ మూడు టీ మరకలూ సంపాదించుకుని, ఆఖరికి బల్లే లేని మనిషి చేతిలో వచ్చి పడింది. ఆ మనిషి పేరు ఎల్లేష్.

ఉత్తరం సారాంశం ఇది. పెన్‌గంగ మైనింగ్ కార్పొరేషన్ ఇరవై ఒకటో శతాబ్దంలోకి అడుగు పెట్టబోతోంది. దేశం తలుపులు తెరిచింది, పోటీ గుమ్మంలోకి వచ్చేసింది, ఇక కార్బన్ పేపర్లతో నడవదు. ఉత్తరాలు రాసుకోవడానికి, పట్టికలు వేసుకోవడానికి, ఒక గదిలోంచి ఇంకో గదికి కబురు పంపుకోవడానికి కంపెనీ కొత్త ఆఫీసు సాఫ్ట్‌వేరు కొన్నది. నెట్‌వర్కులో పేరున్న ప్రతి యూజరు కంప్యూటరులోకీ మార్చి ముప్పై ఒకటిలోగా అది ఎక్కాలి. వందకు వంద శాతం. ఒక్కటి తగ్గినా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

చంద్రపూర్ నెట్‌వర్కులో పేర్లు ముప్పై నాలుగు. కంప్యూటర్లు వచ్చి రెండేళ్ళయింది. దర్జీని పిలిపించి వాటికి నీలిరంగు ముసుగులు కుట్టించారు. దసరాకు బంతిపూల దండలు వేసి కొబ్బరికాయ కొట్టారు. అంతకుమించి వాటి జోలికి పోలేదు. కంప్యూటరుకు వేడి తగలకూడదని నోటు పెట్టి ఆఫీసర్లంతా గదులకు ఏసీలు తెప్పించుకున్నారు. మే నెలలో చంద్రపూర్ ఎండ తెలిసిన వాళ్ళెవరూ వాళ్ళను తప్పుపట్టరు. ఏసీ వచ్చాక కంప్యూటరుకు ఇంక చేయవలసిన పనేమీ మిగల్లేదు.

ఆ ముసుగులు తీసి యంత్రాలను ముట్టుకునే మనిషి ఒక్క ఎల్లేషే. ఉత్తరాలు, పట్టికలు, ఆఫీసర్ల పిల్లల పెళ్ళి శుభలేఖలు అన్నీ అతని చేతి మీదుగానే వెళ్ళేవి. కాగితాల మీద మాత్రం అతను ఆ ఆఫీసులో లేడు. కాగితాల మీద అతను నాలుగో నెంబరు గనిలో జనరల్ మజ్దూరు. తండ్రి పోశం కరీంనగర్ జిల్లా నుంచి బొగ్గు పనికి వచ్చి, ఇరవై ఆరేళ్ళు తవ్వి, ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయితే ఆ కొలువు కొడుక్కి వచ్చింది. ఎల్లేష్ పదకొండు నెలలు గనిలోకి దిగాడు. పన్నెండో నెలలో, మూడడుగుల దూరంలో పైకప్పు పెచ్చు ఊడిపడి తోటివాడి కాలు నుజ్జయింది. అప్పట్నుంచి గని లిఫ్టు కిందికి దిగుతుంటే పైకప్పు తన మీదే పడబోతున్నట్టు గట్టిగా కళ్ళు మూసుకునేవాడు. సిగ్గేసి ఈ సంగతి భార్య వనితకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

జట్‌పురా గేటు దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న టైపూ కంప్యూటరూ అతన్ని కాపాడాయి. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ మేనేజరు వైరాగడే సాబ్ ఒకసారి కొడుకు కాలేజీ ప్రాజెక్టు టైపు చేయించుకుని, పని నచ్చి, "రేపట్నుంచి ఆఫీసుకు వచ్చెయ్" అన్నాడు. అది నోటిమాట. ఆ నోటిమాట మీదే ఎల్లేష్ నాలుగేళ్ళుగా పగటి వెలుతురులో బతుకుతున్నాడు.

ఇప్పుడా వెలుతురుకే ముప్పు వచ్చింది. నోటిమాట మీద పైన పనిచేస్తున్న గని మనుషులందరూ మే ఒకటి నుంచి మళ్ళీ గనిలోకి దిగాలని ఇంకో ఉత్తరం వచ్చింది. ఒక్కటే దారి మిగిలింది. ఏరియా ఆఫీసుకు కంప్యూటర్ ఆపరేటరు పోస్టు ఒకటి మంజూరైంది. ఏప్రిల్‌లో కమిటీ కూర్చుని, ఆ పని చేస్తున్నట్టు రుజువు చూపించిన వాడికి ఇస్తుంది.

"ఈ సాఫ్ట్‌వేరు పని వందకు వంద చేసి చూపించు," అన్నాడు వైరాగడే సాబ్ హిందీలో, పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మారుస్తూ. "కమిటీలో నేనే ఉంటాను. నీకంటే రుజువు ఎవరి దగ్గరుంటుంది?"

మార్చి మొదటి వారంలో నాగపూర్ నుంచి అర్చన మేడం వచ్చింది. పాతికేళ్ళ ఇంజనీరు, మాటా పనీ రెండూ చురుకు. రెండు రోజుల్లో కొత్త సాఫ్ట్‌వేరును సర్వర్‌లో, అంటే అన్ని కంప్యూటర్లనూ తీగలతో కలిపిన పెద్ద యంత్రంలో పెట్టేసి, ఎల్లేష్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ఎవరి పేరుతో వాళ్ళు, ఎవరి కంప్యూటరులో వాళ్ళు లాగిన్ కావాలి. తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. అవునని నొక్కితే చాలు, పన్నెండు నిమిషాల్లో అదే ఎక్కుతుంది. ఎవరు ఎన్ని గంటలకు ఎక్కించుకున్నారో సర్వర్ రాసిపెట్టుకుంటుంది. ఆ లిస్టు నాగపూర్‌కు వస్తుంది."

"మేడం, నా పేరు కూడా ఎక్కిస్తారా?"

ఆవిడ లిస్టు చూసింది. "యూజర్లంటే క్లర్కు, ఆ పైవాళ్ళే. నువ్వు మజ్దూరు కదా. పర్సనెల్ నుంచి ఒక ఉత్తరం పంపించు, పెడతాను."

ఎల్లేష్ వైరాగడే సాబ్‌ను అడిగాడు. "ఎందుకోయ్? మా అందరి పేర్లూ నీవే కదా!" అని సాబ్ గట్టిగా నవ్వాడు. పెద్దవాళ్ళు నవ్వినప్పుడు తనూ నవ్వడం నేర్చుకున్న ఎల్లేష్ తనూ నవ్వాడు. ఉత్తరం పోలేదు.

అక్కడ మొదలైంది అసలు తిరునాళ్ళ. జనరల్ మేనేజరు ఎక్కించుకోనిదే కింది ఆఫీసరు ఎక్కించుకోకూడదు. ఆ ఆఫీసులో సమోసాల పళ్ళెం కూడా సీనియారిటీ ప్రకారమే తిరుగుతుంది మరి. జనరల్ మేనేజరేమో టూర్లో ఉన్నాడు. ఆయన వచ్చి, కిందివాళ్ళంతా సిద్ధమయ్యాక చెప్పమన్నాడు. ఫైనాన్స్ ఆఫీసరు, ఏడాది లెక్కలు ముగించే మార్చి నెలలో తనను కదిలించినవాడు మనిషే కాదన్నాడు. ప్లానింగ్ ఆఫీసరు, ఎప్పుడైనా ఆడుకుందామని కంప్యూటరులో దాచుకున్న పేకముక్కల ఆట చెరిగిపోతుందేమోనని భయపడ్డాడు. డిస్పెన్సరీ డాక్టరు, మిగతా అందరికీ ఏమీ కాలేదని తేలాక చూద్దామన్నాడు. ఆఫీసు పనంతా హిందీలో నడిచేలా చూడవలసిన హిందీ అధికారిది ఇంకా పెద్ద మనసు. తెర మీద ప్రశ్న ఇంగ్లీషులో వస్తోంది కాబట్టి, అది హిందీలో అడిగేదాకా తను జవాబు చెప్పనని రెండు పేజీల అభ్యంతరం రాశాడు. ఆ రెండు పేజీలూ టైపు చేసింది ఎల్లేషే.

మార్చి ఇరవై ఏడు, శనివారం సాయంత్రానికి ఎక్కినవి సున్నా. ఎల్లేష్‌కు అన్నం సయించడం మానేసింది. గదులు తిరిగి తిరిగి, తలుపుల దగ్గర నిలబడి నిలబడి, అతని మొహం వాడిపోయింది. అది చూసి వైరాగడే సాబ్‌కు జాలి వేసిందో, సంజాయిషీ గుర్తొచ్చిందో గానీ, హెడ్ క్లర్కు బాపురావును పిలిచాడు.

బాపురావుది రాజురా అవతల సరిహద్దు పల్లె. తాతముత్తాతల నాటి నుంచి అక్కడే వ్యవసాయం. ఇంట్లో తెలుగు, ఫైల్లో మరాఠీ, సాబ్ ముందు హిందీ. తెలుగు రాయమంటే మాత్రం చేతులెత్తేస్తాడు. జూన్‌లో రిటైర్మెంటు. ముప్పై ఐదేళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేదు, ఆయన గర్వమంతా అదే. ఆ ఆఫీసు పాస్‌వర్డులన్నీ ఆయన బీరువాలో ఉన్నాయి.

ఎందుకున్నాయంటే, బీరువాలకూ సొరుగులకూ డూప్లికేటు తాళంచెవి కవరులో పెట్టి, లక్కముద్ర వేసి పర్సనెల్ సెక్షన్‌లో దాచడం అక్కడ పాత ఆచారం. నెట్‌వర్కు పెట్టినప్పుడు, పాస్‌వర్డంటే కంప్యూటరు తాళంచెవి అని ఎవరో చెప్పారు. వెంటనే సర్క్యులర్ వచ్చింది. ప్రతి యూజరూ తన పాస్‌వర్డును కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ముద్ర వేసి, బాపురావుకు అప్పగించి రసీదు తీసుకోవాలి. అలా ఎవరికీ చెప్పకూడని మాటను ముప్పై నాలుగు మందీ ఒకే బీరువాలో పెట్టి హాయిగా మరిచిపోయారు. యజమాని ఎదుట తప్ప ఆ కవరు విప్పకూడదనీ, విప్పితే బాధ్యత బాపురావుదేననీ అదే సర్క్యులర్‌లో ఉంది.

"విప్పు," అన్నాడు వైరాగడే సాబ్. ఇదీ నోటిమాటే.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు ఖాళీ ఆఫీసులో ఇద్దరూ కూర్చున్నారు. బాపురావు గడ్డం చేసే బ్లేడుతో లక్క లేపుతున్నాడు. ఒక్కో కవరు విప్పే ముందూ ఒకసారి తలుపు వైపు చూస్తున్నాడు.

"కాకా, నాలుగు గదులల్ల ఒక్కపారే షురూ చేస్త. పన్నెండు గొట్టంగ అయిపోతది," అన్నాడు ఎల్లేష్.

"ఏందిరా నువ్వనేది? పెద్ద సాబ్‌ది ఎక్కకముందే చిన్న సాబ్‌ది ఎట్ల ఎక్కుతది? అది టైము రాసుకుంటదంటివి గద. రేపు నాగపూర్ల లిస్టు చూసి, ఫైనాన్స్ సాబ్ కంటె ముందుగాల క్లర్కు ఎట్ల ఎక్కించుకున్నడని అడిగితె నేనేం చెప్పాలె? ఒకలది అయినంకనే ఇంకొకలది. సీనియారిటీ లిస్టు తీసుకొచ్చిన, గిదో."

ముప్పై ఐదేళ్ళ అలవాటు ముందు వాదించి లాభం లేదు. ఎల్లేష్ జనరల్ మేనేజరు గదికి పోయి, నీలి ముసుగు తీసి, జనరల్ మేనేజరై కూర్చున్నాడు. పన్నెండు నిమిషాలు ఆగాడు. లేచి ఫైనాన్స్ ఆఫీసరయ్యాడు. పాస్‌వర్డులు చూస్తుంటే నవ్వాగలేదు. జనరల్ మేనేజరుది కుక్క పేరు. వైరాగడే సాబ్‌ది ప్రమోషన్. హిందీ అధికారిది ఇంగ్లీషు అక్షరాలు, ఏ నుంచి ఎఫ్ దాకా వరసగా. ఎల్లేష్ ప్రశ్నకు అవునని నొక్కి ఆయన రెండు పేజీల అభ్యంతరాన్ని అరక్షణంలో తీర్చేశాడు.

పంతొమ్మిదో కవరు దగ్గర ఆగాడు. "కాకా, నగరాళే సాబ్ సచ్చిపోయిండు గద, జనవరిల?"

"సచ్చిపోయిండు గాని, లిస్టుల ఉన్నడు. పేరు తీసెయ్యాల్నంటె నాగపూర్ పర్మిషన్ రావాలె. ఇంక రాలే." బాపురావు కవరు చించాడు. "వందకు వందన్నరు. ఆయనను విడిసిపెడితె తొంబై ఏడే అయితది."

కాగితం మీద విద్య అని ఉంది. సర్వేయరు నగరాళే సాబ్ కూతురి పేరది. బాపురావు ఆ కాగితం అందించి కిటికీ వైపు తిరిగాడు. పోయిన మనిషి పేరుతో లాగిన్ అవుతుంటే ఎల్లేష్‌కు ఒళ్ళు జలదరించింది. అయినా అవునని నొక్కాడు. ఆ పన్నెండు నిమిషాలూ నిలబడే ఉన్నాడు, ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

ఒంటిగంటకు వనిత కట్టిచ్చిన జొన్నరొట్టె, వంకాయ కూర ఇద్దరూ పంచుకు తిన్నారు. నాలుగు కావస్తుండగా ముప్పై నాలుగోది, స్టోర్స్ క్లర్కుది ఎక్కింది. బాపురావు కవర్లన్నిటికీ మళ్ళీ లక్క కరిగించి ముద్రలు కొట్టాడు. ఎల్లేష్ సైకిలు తొక్కుకుంటూ ఇంటికి పోయి, చెప్పులు విప్పకముందే అరిచాడు.

"వందకు వంద అయింది వనితా! ఇగ గనిల దిగుడు లేదు!"

వనిత ఏడ్చేసింది. ఎల్లేష్‌కు కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మార్చి నెల దుమ్మని తుడుచుకున్నాడు.

వారం తిరక్కముందే నాగపూర్ నుంచి ప్రశంస వచ్చింది. కంపెనీ మొత్తంలో వందకు వంద సాధించిన ఏరియా చంద్రపూర్ ఒక్కటే. అధికారులందరూ ఆదివారం సెలవును త్యాగం చేసి, స్వయంగా యంత్రాల ముందు కూర్చుని, కొత్త శతాబ్దానికి స్వాగతం పలికారని కంపెనీ చైర్మన్ రాశాడు. ముప్పై నాలుగు ప్రశంసాపత్రాలు పంపాడు. జనరల్ మేనేజరు మధ్యలో నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఫోటోలో పట్టరని ఎల్లేష్‌ను కెమెరా వెనక నిలబెట్టారు, బల్బు పట్టుకోమని. సిగ్గంటూ ఉంటే అక్కడితో ఊరుకునేవాళ్ళు. ఊరుకోలేదు. ఆదివారం పనిచేసినందుకు బదులు సెలవు కావాలని ఇరవై రెండు మంది దరఖాస్తులు పెట్టారు. దరఖాస్తులు టైపు చేసింది ఎవరో వేరే చెప్పాలా?

నగరాళే సాబ్ ప్రశంసాపత్రం మాత్రం బాపురావు గబగబా సొరుగులో దాచేశాడు. ఆ సాయంత్రం ఎల్లేష్‌ను సైకిల్ స్టాండు దగ్గర పట్టుకున్నాడు.

"ఎల్లేషా, ఎవలకన్న చెప్పినవా, కవర్ల సంగతి?"

"లేదు కాకా."

"చెప్పకు బిడ్డా. రెండు నెలలైతె ఇంటికి పోత. కవర్లు ఇప్పినవని తెలిస్తె నన్నే పట్టుకుంటరు. సాబ్ నోటితోని అన్నడు, రాసియ్యలే గద." ఆయన కళ్ళలో భయం చూసి ఎల్లేష్ ఆయన చేయి పట్టుకున్నాడు. ఆ భయం అతనికి బాగా తెలుసు.

ఏప్రిల్ ఇరవైన కమిటీ కూర్చుంది. నాగపూర్ నుంచి వచ్చిన కమిటీ ఛైర్మన్ మధ్యలో, ఒక పక్క వైరాగడే సాబ్, ఇంకో పక్క అర్చన మేడం. ఫైళ్ళు అందించడానికి బాపురావు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎల్లేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"కంప్యూటర్ పని చేస్తున్నానని రాశావు. రుజువేమిటి?" అడిగాడు ఛైర్మన్.

"సాబ్, కొత్త సాఫ్ట్‌వేరు మొత్తం నేనే ఎక్కించాను."

ఛైర్మన్ ఫైలు తెరిచి లిస్టు మీద వేలు నడిపించాడు. పై నుంచి కింది దాకా, మళ్ళీ కింది నుంచి పైదాకా. "ఇందులో ముప్పై నాలుగు పేర్లున్నాయి. నీ పేరు లేదే?"

ఎల్లేష్ వైరాగడే సాబ్ వైపు చూశాడు. సాబ్ టేబుల్ మీది పేపర్‌వెయిట్‌ను తిప్పుతున్నాడు. అద్దం కట్టించిన ప్రశంసాపత్రం ఆయన గది గోడకు వేలాడుతోంది. "కుర్రాడు మంచివాడే," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "ఆ రోజు మాకు మంచినీళ్ళవీ అందించి ఉంటాడు."

ఎల్లేష్‌కు చెవుల్లో హోరు మొదలైంది. నాలుగేళ్ళు ఈ మనిషి సంతకం కింద ఉన్న ప్రతి అక్షరం తను కొట్టింది. కొడుకు ప్రాజెక్టు తను కొట్టింది. మంచినీళ్ళట!

అర్చన మేడం ముందుకు వంగింది. "సర్, ఒక్కమాట. ఈ టైములు చూడండి. ఒకరిది పూర్తయ్యాకనే ఇంకొకరిది మొదలైంది. ముప్పై నాలుగు మందిలో ఏ ఇద్దరూ ఒకేసారి కూర్చోలేదు. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా ఎవరూ లేరు. ఇది ముప్పై నాలుగు మంది పనిలా లేదు. ఒక్క మనిషి గది గదికీ తిరిగి చేసినట్టుంది."

ఎల్లేష్ ప్రాణం లేచి వచ్చింది. సర్వర్ తన పేరు రాసుకోకపోయినా తన నడకను రాసుకుంది. చూసే కళ్ళుంటే అందులో తను కనిపిస్తున్నాడు.

ఛైర్మన్ లిస్టును కళ్ళద్దాల దగ్గరికి తీసుకుని, ఇంకో ఫైల్లోంచి సీనియారిటీ లిస్టు తీయించి పక్కన పెట్టుకుని, ఒక్కో పేరూ సరిచూశాడు.  సరిచూడడం అయ్యాక ఆయన మొహం వెలిగిపోయింది.

"మేడం, మీరు చిన్నవాళ్ళు, మీకు తెలియదు. ఇది సీనియారిటీ! జనరల్ మేనేజరు మొదలుకుని స్టోర్స్ క్లర్కు దాకా ఒక్కరు కూడా వరస తప్పలేదు. పైవాడిది పూర్తయ్యేదాకా కిందివాడు ముట్టుకోలేదు. లంచి కూడా అందరూ కలిసే తిన్నారు. ఇంత క్రమశిక్షణ నేను నాగపూర్లో కూడా చూడలేదు."

ఆయన ఎల్లేష్ వైపు తిరిగాడు. "ఇంకేమైనా రుజువుందా?"

ఉంది. నాలుక చివర ఉంది. పంతొమ్మిదో పేరు చూడండి సాబ్, ఆ మనిషి జనవరిలో చనిపోయాడు, మార్చిలో వచ్చి ఎలా నొక్కాడో అడగండి. అంతే, ఒక్క వాక్యం. ఆ వాక్యం అనేస్తే ముప్పై నాలుగు మంది త్యాగం గాలికి పోతుంది, ఎల్లేష్ నాలుగేళ్ళ పని బయటికి వస్తుంది. ఆ వెంటనే కవర్లు ఎవరు విప్పారని అడుగుతారు. వైరాగడే సాబ్ నేను చెప్పలేదంటాడు. ఎల్లేష్ తలుపు వైపు చూశాడు. బాపురావు ఫైళ్ళ కట్టను రెండు చేతులా గుండెకు అదుముకుని నిలబడ్డాడు. ఆయన పెదాలు తడారిపోయి కదులుతున్నాయి.

"లేదు సాబ్," అన్నాడు ఎల్లేష్.

కమిటీ ఐదు నిమిషాల్లో తేల్చేసింది. ఏరియాలో యూజర్లందరూ స్వయంగా కంప్యూటరు నడపగలుగుతున్నారని రికార్డులు చూపుతున్నాయి కాబట్టి ఆపరేటరు అవసరం లేదు, పోస్టు రద్దు. అర్చన మేడం సంతకం పెట్టనని కాసేపు కూర్చుంది. ఇద్దరు పెట్టాక మూడో సంతకం ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ ముప్పైన మధ్యాహ్నం బాపురావు చేతిలో ఒక కాగితం పట్టుకుని ఎల్లేష్ దగ్గరికి వచ్చాడు. ఇవ్వబోయి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఎల్లేషే కాగితం తీసుకున్నాడు. జనరల్ మజ్దూరు ఎల్లేష్‌ను ఏరియా ఆఫీసు నుంచి విడుదల చేయడమైనది, ఒకటో తేదీ మొదటి షిఫ్టుకు నాలుగో నెంబరు గనిలో హాజరు కావలెను. మరాఠీలో, బాపురావు చేతిరాతలో ఉంది.

"కొత్త సాఫ్ట్‌వేర్ల కొట్టియ్యాల్నంట. చేతిరాత ఇగ నడువదంట," అన్నాడు బాపురావు తల వంచుకుని. "సాబ్‌కు వస్తలేదు. ఎవలకు వస్తలేదు, ఎల్లేషా. అన్ని గదులు తిరిగొచ్చిన."

ఎల్లేష్ వైరాగడే సాబ్ గదికి పోయాడు. సాబ్ అప్పటికే ఆ పూటకు బదులు సెలవు పెట్టి వెళ్ళిపోయాడు. ముసుగు తీసి, సాబ్ పేరుతో లాగిన్ అయి, తన ఆర్డరు తనే కొట్టాడు. రెండుసార్లు చదివి అచ్చు తీశాడు.  భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. దానికంటే కోపంగా ఉంది.

బాపురావు ఏడుస్తున్నాడు. "నీ నోట్ల మాట ఆపుకొని నన్ను బతికిచ్చినవ్, బిడ్డా. నేను నీకేం చెయ్యలేకపోయిన. రేపట్నుంచి ఈ మిషిన్లు ఎవలు నడుపుతరో ఏందో."

ఎల్లేష్ ఆర్డరు ఆయన చేతిలో పెట్టాడు.

"ముప్పై నాలుగు మంది ఉన్నరు గద కాకా," అన్నాడు. "నగరాళే సాబ్‌ను పిలువుండ్రి. గాయనకు మస్తు వస్తది."